తొంభై దగ్గర ఆగే షేరు

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. పిల్ల దగ్గు తగ్గింది. ఆపరేషన్ దాకా బావగారి మోకాలికి వేయడానికి నువ్వు అడిగిన పట్టీ విడిగా పంపుతున్నాను. బిగుతుగా ఉంటే రెండు రోజులు నువ్వు తొడుక్కో, సాగుతుంది.

"ఒసేయ్ ప్రొఫెసరమ్మా, నీ షేరు తొంభైకి దిగుతుంది, నూటపదికి ఎక్కుతుంది అంటావు, దానికి వేరే పనేం లేదా?" అని అడిగావు. నిజంగానే లేదక్కా. మీ మరిది పనిచేసే కంపెనీదే కదా. మనుషుల్ని తీసేస్తారట అని పుకారు పుట్టగానే తొంభైకి జారేది. నేను అన్నం వడ్డిస్తూ, "ఏమైనా ఉందా?" అనేదాన్ని. "ఏముంటుంది, మామూలే. కూర వెయ్యి" అనేవారు. మర్నాడు కొనేదాన్ని. పుకారు చల్లారి నూటపదికి చేరగానే అమ్మేదాన్ని. ఆధారం లేనిదేదీ నమ్మొద్దని క్లాసులో చెబుతాను. నా ఆధారం మాత్రం ఆయన అన్నం తినే తీరు. అడిగాక కంచంలో చెయ్యి ఆగకపోతే కొనొచ్చు.

పోయిన సోమవారం మళ్లీ తొంభైకి వచ్చింది. అడిగాను. చెయ్యి ఆగలేదు, మారు వడ్డించమన్నారు కూడా. మంగళవారం కొన్నాను. బుధవారం కంపెనీ సగం మూసేస్తున్నట్టు ప్రకటించారు. ధర తొంభై దగ్గర ఆగలేదు, అరవై దగ్గరా ఆగలేదు. తెర ముందు కూర్చున్న నాకు కాసేపు అంకెలు చదవడమే రాలేదు.

పాపం, ఆయనకే తెలియలేదేమో అనుకున్నాను. ఫోన్ ఎత్తలేదు. ఫ్యాక్టరీకే వెళదామని బస్టాండుకు పోతే, చివరి బెంచీ మీద ఆయన క్యారియర్ విప్పుకుని తింటున్నారు. టీ కొట్టతను నన్ను చూసి, "తెలిసినవారా అమ్మా? రెండు నెలలుగా ఆ బెంచీ ఆయనదే. ఇన్ని బస్సులు పోతాయా, ఒక్కటీ ఎక్కరు" అన్నాడు.

ఉద్యోగం పోయి రెండు నెలలన్నమాట. రోజూ ఇస్త్రీ చొక్కా అందించింది నేనే. జీతమంటూ తెచ్చిచ్చిన డబ్బు ఎక్కడిదో ఆలోచించే ధైర్యం లేదు. దగ్గరికి వెళ్లలేక వెనక్కి వచ్చేశాను. అబద్ధమాడారని కోపం తెచ్చుకుందామంటే అదీ నిలవడం లేదు. ఏమైనా ఉందా అని అన్నిసార్లు అడిగానే, ఒక్కసారైనా ఆయన కోసం అడిగానా?

ఇక నువ్వు అడగని సంగతి. బావగారి ఆపరేషన్‌కని నా దగ్గర దాచిన నీ డబ్బు, నీకు చెప్పకుండా అందులో పెట్టాను. మంగళవారం కొన్నది దానితోనే. లాభంతో కలిపి చేతిలో పెట్టి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. సగం కూడా మిగల్లేదు. డాక్టరు ఇచ్చిన తేదీ నాకు గుర్తుంది. గాజులు అమ్మి ఆలోపు ఎంత వస్తే అంత పంపుతాను. నన్ను ఎంతైనా తిట్టు, మీ మరిదిని మాత్రం ఇప్పుడే ఏమీ అడక్కు.

గేటు చప్పుడైంది, వచ్చినట్టున్నారు. ఈరోజు నేనూ ఏమీ అడగను. అక్క డబ్బు పోగొట్టానని ముందు నేనే చెబుతాను. ఒకరు తల దించుకుని కూర్చుంటే, రెండోవారికి పక్కన కూర్చోవడం తేలికవుతుందేమో.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని
చెల్లెలు