మా ఐదు ఆంపియర్లు

జూలై 2, మంగళవారం

పనులు: రెండు విడతల బట్టలు, సర్కారు కరెంటు ఉన్న కాసేపట్లోనే అయిపోయాయి. బెండకాయలు కోసి ఎండబెట్టడం. డాబా మీద ట్యాంకు కడగడం. మంచినీళ్ళ డబ్బాలు నింపించడం. ఇస్త్రీ మిగిలింది.

సర్కారు కరెంటు పోయినప్పుడు మా బస్రా వీధికి ఆంపియర్ల లెక్కన కరెంటు అమ్మే జనరేటర్ వీధి చివర ఉంది; దాని దగ్గరున్న బోర్డు నిన్న కాలిపోయింది. పొద్దున చూస్తే ఇళ్ళ వైర్లన్నీ స్తంభం మీంచి జడల్లా వేలాడుతున్నాయి. జనరేటర్ యజమాని షనావాకు చెయ్యి కాలి కట్టు కట్టారు. కొత్త బోర్డు తెచ్చాడు, డబ్బు కట్టిన ఆంపియర్లు దాటితే పడిపోయే కొత్త బ్రేకర్లు బిగించాడు, ఏ ఇంటి బ్రేకర్ కింద ఆ ఇంటి పేరు రాశాడు. వైర్లు కలపడానికి మాత్రం చెయ్యి లేదు.

మా ఆయన ముందుకొచ్చాడు. భూగోళం మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటోంది. "ఇన్నేళ్ళు ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చెప్పినవాణ్ణి. ఏ వైరు ఏ ఇంటిదో కనిపెట్టలేనా?" అన్నాడు. షనావా "నీ దయ మాస్టారూ" అన్నాడు.

సాయంత్రానికి వీధంతా వెలిగింది. ఆయన చెమటతో, గర్వంతో ఇంటికొచ్చాడు. నేను కూడా కొంచెం గర్వపడ్డాను. రాసి పెట్టుకోవాలి కదా, తరచు జరిగేది కాదు.

జూలై 4, గురువారం

పనులు: బియ్యం ఏరడం. చేప శుభ్రం చేయడం. పరదాలు ఉతకడం సగంలో ఆగింది.

మధ్యాహ్నం జనరేటర్ లైను మీద ఉండగా ఇల్లు ఆరిపోయింది. మాది ఐదు ఆంపియర్ల లైను. ఫ్రిజ్ ఒకటిన్నర, నీళ్ళ కూలర్ రెండు, రెండు ఫ్యాన్లు, ఒక లైటు. ఎలా కూడినా ఐదు దాటదు. మళ్ళీ కూడాను. లెక్క సరిగ్గానే ఉంది. చీకటీ నిజమే.

షనావాకు ఫోన్ చేశాను. వీధిలో నన్ను పెద్దాడి పేరుతో ఉమ్ హైతమ్, హైతమ్ తల్లి అంటారు. "ఉమ్ హైతమ్ అక్కా, నీ బ్రేకర్ నిటారుగా నిలబడే ఉంది. నా కళ్ళెదురుగానే ఉంది. లోపం నీ ఇంట్లోనే," అన్నాడు.

ఆయన ఫ్యాను రెగ్యులేటర్ విప్పాడు. లోపల ఏదో తట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. "చూశావా?" అన్నాడు.

చూశాను. ఇప్పుడు ఆ ఫ్యాను ఒకటి మీద పెడితే గాలివానలా తిరుగుతోంది, ఐదు మీద పెడితే నిద్రపోతోంది.

జూలై 7, ఆదివారం

మళ్ళీ పోయింది, మళ్ళీ మధ్యాహ్నమే, కూలర్ వేసిన కాసేపటికి. షనావా మళ్ళీ అదే మాట. ఆయన కూలర్ విప్పి బిగించాడు. నాలుగు మరలు మిగిలాయి. ఎందుకు మిగిలాయి అంటే, కంపెనీవాళ్ళు ఎక్కువ ఇచ్చారట.

కూలర్ ఇప్పుడు వాకిట్లోకి చల్లగాలి వీస్తోంది. పిల్లులు వచ్చి కూర్చున్నాయి.

జూలై 9, మంగళవారం

పనులు: తలుపు తీయడం. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు.

పొద్దుటి నుంచి బెల్ మోగుతోంది. తీస్తే ఎవరూ లేరు. వీధి పిల్లలని తిట్టాను, పాపం. తరవాత తెలిసింది, నిన్న ఆయన "లోపల ఎక్కడో లీకు ఉంది" అని వైరింగ్ కదిపాడు. స్నానాలగది లైటు వేస్తే వీధి బెల్ మోగుతోంది. మా ఆడపడుచు వచ్చి కూర్చుంది. ఆయన లోపలికి వెళ్ళాడు, బెల్ మోగింది. ఆవిడ లేచి తలుపు తీసింది. నేను చెప్పలేదు. ఏమని చెప్పాలి?

జూలై 12, శుక్రవారం

జనరేటర్ ఆగి ఉన్న వేళ షనావా దాని దగ్గర నజ్మక్కను కేకలేస్తుంటే విన్నాను.

నజ్మక్క పక్కింటావిడ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె పెద్దకొడుకూ హైతమ్, మా పెద్దాడూ హైతమ్. అందుకని ఈ వీధిలో ఇద్దరం ఉమ్ హైతమ్‌లం. ఎదురుపడినప్పుడు ఒకర్నొకరం అలా పిలుచుకుంటే నవ్వొస్తుందని నేను నజ్మక్కా అంటాను, ఆమె సబీహా అంటుంది. ఆమెది మూడు ఆంపియర్ల లైను. ఒక చిన్న ఫ్రిజ్, ఒక ఫ్యాను. ఫ్రిజ్‌లో ఇన్సులిన్.

"పిన్నీ, మూడుకి డబ్బు కట్టి ఐదు లాగుతావా? నీ బ్రేకర్ రోజూ పడిపోతోంది. లేపి లేపి నా రెండో చెయ్యి కూడా పోయేట్టుంది!" అని షనావా.

"మా ఇంట్లో కరెంటు పోనే లేదురా. పోని కరెంటుకు బ్రేకర్ ఎలా పడుతుంది?"

"నన్నడుగుతావేం? ఇంట్లో ఏం దాచావో నిన్ను నువ్వే అడుగు."

ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. నాకు ఒక ఆలోచన వచ్చింది. మా వైరు ఆమె డాబా మీదుగానే వస్తుంది. మాకు తగ్గినది ఎక్కడికో పోతూ ఉండాలి కదా.

జూలై 15, సోమవారం

కరెంటు: పోయింది. వచ్చింది. పోయింది.

ఆయన డాబా ఎక్కి మా వైరుకు టేపు చుట్టాడు. దిగాక చూస్తే అది కేబుల్ టీవీ వైరు.

జూలై 18, గురువారం

పనులు: రొట్టెల కోసం వీధి చివరికి. అంతే. మిగతావి చేయబుద్ధి కాలేదు.

రొట్టెల బండి దగ్గర నలుగురు ఆడవాళ్ళు, ఎదురుగా జనరేటర్ ఆగి ఉంది. ఎండకు అందరి మొహాలూ ఇటుక రంగులో ఉన్నాయి. కరెంటు సంగతి వచ్చింది. నేను అన్నాను, గట్టిగానే అన్నాను: "కొందరి ఇళ్ళు పక్కింటి ఆంపియర్లతో చల్లబడతాయిలే."

ఎవరో నవ్వారు. ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. వెనక్కి తిరిగితే నజ్మక్క, చేతిలో రొట్టెల సంచీ. ఆమె చిల్లర లెక్క చూసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మళ్ళీ కూడాను. ఫ్రిజ్ ఒకటిన్నర, కూలర్ రెండు. ఐదు దాటదు. కాబట్టి నా మాట నిజమే అయ్యుండాలి. మరి అన్నం ఎందుకు దిగడం లేదో తెలియలేదు.

జూలై 21, ఆదివారం

నజ్మక్క గోడ మీంచి పలకరించలేదు.

జూలై 24, బుధవారం

షనావా వచ్చి చెప్పాడు. రేపు మధ్యాహ్నం నజ్మక్క బ్రేకర్ నుంచి వైరు పీకేస్తాడట. "ఒక్క వారం చీకట్లో ఉంటే పిన్నికి ఆంపియర్ల లెక్క వచ్చేస్తుంది." ఆయన టీ తాగుతూ "న్యాయమే" అన్నాడు. నేను ఇంకో గ్లాసు పోశాను. న్యాయమే కదా, నేను అడగకుండానే నాకు జరుగుతున్న న్యాయం.

వారం పాటు ఈ ఎండలో ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్ ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు. షనావాకు తెలియదు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాయడానికి చూస్తే రావడం లేదు.

జూలై 25, గురువారం

పనులు: ఐసు గడ్డ కట్టించి డబ్బాలో పెట్టడం.

ఆ డబ్బా తీసుకుని నజ్మక్క ఇంటికి వెళ్ళాను. మందు మా ఫ్రిజ్‌లో పెడదామని. ఆమె తలుపు తీసింది.

"ఏం సబీహా, నీ ఆంపియర్లు ఏ మూల దాచానో వెతుక్కోడానికి వచ్చావా?"

"లేదక్కా. నీ మందు కోసం."

"మందు నాది. అదైనా నాదే అని ఒప్పుకుంటావా?" అంది. అని కూర్చోబెట్టి టీ పోసింది. ఆమె గదిలో ఒక్క ఫ్యాను తిరుగుతోంది. ఆ వేడికి నాకు కళ్ళు తిరిగాయి. ఇంతకన్నా ఏం లాగుతుంది ఈవిడ? కూలర్ లేదు. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. షనావా తిట్టిన దగ్గర్నుంచి టీవీ పెట్టడం మానేసిందట.

బయటి నుంచి షనావా అరుపు వినిపించింది. "పీకేశాను పిన్నీ! ఇక దేవుణ్ణి తలుచుకో!"

ఇద్దరం ఫ్యాను వైపు చూశాం. తిరుగుతోంది. కాసేపు ఆగి మళ్ళీ చూశాం. తిరుగుతూనే ఉంది. ఫ్రిజ్ కూడా గురక పెడుతోంది.

"పీకేశానన్నాడుగా?" అంది నజ్మక్క.

"అన్నాడు."

"మరి ఇదేంటి, నా మీద జాలిపడి తిరుగుతోందా?"

అప్పుడు గోడ అవతల నుంచి మా ఆయన గొంతు: "సబీహా! ఇల్లంతా ఆరిపోయింది! నేనేం ముట్టుకోలేదు! ఒట్టు, ఈసారి నేనేం ముట్టుకోలేదు!"

నాకు వెంటనే అర్థం కాలేదు. టీ గ్లాసు కింద పెట్టాను. ఆమె లైను పీకితే మా ఇల్లు ఆరింది. అంటే ఆమె బ్రేకర్‌కు ఉన్నది మా వైరు. మూడు ఆంపియర్ల మీద ఐదు ఆంపియర్ల కాపురం చేస్తున్నది మేము. రోజూ పడిపోయేది మా వల్ల. తిట్లు మాత్రం ఆమెకు.

ముగ్గురం జనరేటర్ దగ్గరికి పరుగెత్తాం. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. షనావా మమ్మల్ని పక్కకు తీసుకొచ్చాడు. బోర్డు మీద రెండు బ్రేకర్లు చూపించాను. ఒకటి "అబూ హైతమ్", అంటే హైతమ్ తండ్రి. ఒకటి "ఉమ్ హైతమ్".

"అబూ హైతమ్ అంటే నేనే కదా," అన్నాడు మా ఆయన. "మగాడున్న ఇల్లు మనది. ఆవిడ ఒంటరిది. అందుకని అబూ హైతమ్ బ్రేకర్‌కి మన వైరు, ఉమ్ హైతమ్ బ్రేకర్‌కి ఆవిడ వైరు కలిపాను. ఇందులో తప్పేముంది?"

షనావా కట్టున్న చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. "మాస్టారూ, నెలనెలా వచ్చి నాతో లెక్క తేల్చుకునేది ఎవరు? అక్క. అందుకని మీ లైను ఉమ్ హైతమ్. ఈ పిన్ని లైను వాళ్ళాయన బతికున్నప్పుడు పెట్టించాడు. ఆయన పేరు అబూ హైతమ్. అలాగే ఉంచేశాం."

"మరి పేరు రాసేటప్పుడు చనిపోయాడని రాయొద్దూ?"

"బ్రేకర్ మీద రాస్తారా మాస్టారూ, సమాధి మీద రాస్తారు గానీ!"

నజ్మక్క బోర్డు వైపే చూస్తోంది. మెల్లగా అంది, "అంటే ఇన్నాళ్ళూ నా లైను ఐదా?"

ఐదే. ఈ ఎండల్లో ఆమె చేతి కింద రెండు ఆంపియర్లు ఊరికే పడున్నాయి. రెండో ఫ్యాను పెట్టుకోవచ్చు. టీవీ చూడొచ్చు. ఆమెకు తెలియదు. మూడే అనుకుని, ఆ మూడు కూడా వాడలేదు.

జూలై 26, శుక్రవారం

వైర్లు మార్చారు. షనావా మార్చాడు, ఒంటి చేత్తో. మా ఆయన్ని దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి టార్చి పట్టుకోమన్నాడు. ఆయన టార్చి పట్టుకున్నాడు. పట్టపగలు.

ఇక తికమక లేకుండా పేరు మార్చి "నజ్మ" అని రాస్తానన్నాడు షనావా. ఆమె ఒప్పుకోలేదు. "ఆ పేరు మీద ఇన్నేళ్ళు దీపం వెలిగింది. నువ్వు కావాలంటే మాస్టారి పేరు మార్చుకో." ఇప్పుడు మా బ్రేకర్ కింద "భూగోళం" అని ఉంది.

సాయంత్రం ఖర్జూరాల పళ్ళెం తీసుకుని వెళ్ళాను. వంటింట్లో నిలబడి క్షమించమన్నాను. ఆమె బెండకాయల తొడిమలు తీస్తూ తల ఎత్తలేదు.

"ఎక్కడ అన్నావు నన్ను?"

"రొట్టెల బండి దగ్గర."

"నలుగురిలో. గట్టిగా. ఇక్కడేమో బెండకాయలకు చెప్తున్నావు. ఈ మాట పట్టుకెళ్ళి, ఆ మాట అన్న చోటే పెట్టు."

పళ్ళెం మాత్రం ఉంచుకుంది. ఉంచుకున్నట్టా, మర్చిపోయినట్టా? ఇంటికొచ్చాక కూడా తేల్చుకోలేకపోయాను. ఒంటరిది అని ఆయన అన్న మాట కూడా ఆమె వింది. ఆ మాట ఎవరు తిరిగి తీసుకోవాలో దానికి లెక్క నా దగ్గర లేదు.

జూలై 27, శనివారం

పనులు: ఒకటే.

మధ్యాహ్నం రొట్టెల బండి దగ్గర నిలబడ్డాను. బండి జనరేటర్‌కు ఎదురుగా ఉంటుంది. అదే ఆడవాళ్ళు, ఇంకో ఇద్దరు ఎక్కువ. నజ్మక్క తన గుమ్మంలో. "తప్పు నాదే" అన్నాను. జనరేటర్ హోరు. ఎవరూ తిరిగి చూడలేదు. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాను. రొట్టెలవాడు ఎన్ని కావాలని వేళ్ళు చూపించాడు. మూడోసారి గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే సర్కారు కరెంటు వచ్చింది, షనావా జనరేటర్ ఆపాడు, వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, అందులో నా గొంతు ఒక్కటే: "ఆంపియర్లు తిన్నది మేమే! నజ్మక్క కాదు! మేమే!"

మసీదు దగ్గరి ముసలాయన కూడా లేచి నిలబడ్డాడు.

నజ్మక్క "సరేలే, బస్రా అంతా వింది" అని తలుపు వేసుకుంది.

నజ్మక్కకు వీధిలో బాకీ ఉన్న ఒక మాట: ముట్టింది.