చీటీ లేని మందు

అక్కా,

నీ కడుపులో గడ్డకి ఆపరేషనై పదకొండు రోజులైంది. నేను రాలేదు. షాపులో మనిషి లేడని బావకి ఫోనులో చెప్పాను. అబద్ధం. మనిషి ఉన్నాడు, నాకే మొహం చెల్లడం లేదు.

రెండేళ్ళు నీ కడుపుమంటకి మందులిచ్చింది నేనే కదా. పరగడుపున మాత్ర, అన్నం తిన్నాక గులాబీ రంగు మందు రెండు మూతలు. నీ బస్సు మా మందుల షాపు ముందు ఆగగానే టికెట్ల సంచీతో ఫుట్‌బోర్డు మీంచి "ఒరేయ్ మాత్రల డాక్టరూ, నా స్ట్రిప్పేదిరా!" అని కేకేసేదానివి. నేను పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టేవాణ్ణి. మొదట్లో నెలకొకటి, తర్వాత వారానికొకటి. ఎక్కువవుతోందని నాకు తెలుసు.

ముక్కూమొహం తెలియనివాడొచ్చి రెండు వారాలుగా ఇదే మాత్ర వేసుకుంటున్నానంటే, "డాక్టరు చీటీ తెస్తేనే ఇస్తాను" అంటాను. మంట తగ్గినంత మాత్రాన లోపలున్నది పోదనీ, ఒక్కోసారి మాత్రే దాన్ని కప్పేస్తుందనీ చెప్తాను. నీకూ ఒకసారి చెప్పాను. "చూపించుకున్నానురా, గొట్టం వేసి చూశారు, ఏం లేదన్నారు" అన్నావు. ఆ కాగితమేదీ అని అడగలేదు. యూనిఫాం వదులైందేమని అడిగితే, "ఆ జనంలో రోజంతా నలిగితే ఒళ్ళు నిలుస్తుందా" అన్నావు. నవ్వేశాను.

నువ్వైతే తమ్ముణ్ణని కూడా చూడకుండా నాకు టికెట్టు కొట్టేదానివి. నేనే నిన్ను చీటీ అడగలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. నువ్వేమో పెరటి చెట్టునే నమ్ముకున్నావు. ఇంత ముదిరిందంటే నా చేతుల మీదుగానేనక్కా. ఎదురుగా అనలేక రాస్తున్నాను. క్షమించమని అడగను.

నీ తమ్ముడు

ఒరేయ్ మాత్రల డాక్టరూ,

నీ ఉత్తరం బావ చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాడు. మిగతాది నేనే చదువుకున్నాను. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అంతా నీ నెత్తినే వేసుకుంటావేం? నా తప్పు నాకుంచు.

ఆ కాగితం నువ్వడగలేదు సరే, అడిగినా లేదు. గొట్టమూ లేదు, పరీక్షా లేదు. ఆ రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళిన మాట మాత్రం నిజం. పేరు రాయించుకుని బెంచీ మీద కూర్చున్నాను. అమ్మ కూడా కడుపునొప్పనే లోపలికి నడిచి వెళ్ళింది, గుర్తుందా? చెప్పులు నా చేతికిచ్చింది. ఆ చెప్పులే ఇంటికొచ్చాయి. నా పేరు పిలిచారు. లేచి బయటికొచ్చేశాను. బస్టాపులో నిలబడి నీకు చెప్పాల్సిన కథ అల్లుకున్నాను. నువ్వు కాగితం అడిగితే ఇంకో అబద్ధమాడేదాన్ని. టికెట్టు లేనివాళ్ళ కథలు ఇరవయ్యేళ్ళుగా వింటున్నాను, నాకు రాకపోతే ఇంకెవరికొస్తాయి?

నీ మాత్ర వల్లే ఇన్నాళ్ళూ రెండు ముద్దలు తిని డ్యూటీ చేశాను. దానివల్లే ఆలస్యమూ అయింది. రెండూ నిజమే. ఇద్దరం మోద్దాం.

ఇక్కడి నర్సు మంచిదే గానీ, మూత నిండా మందు పొయ్యదు. నువ్వైతే అంచుదాకా పోస్తావు.

ఈ ఉత్తరంతోపాటు డాక్టరు చీటీ పెడుతున్నాను. ఈసారి నిజమైనదే, సంతకమూ ముద్రా ఉన్నాయి. మూడే మందులు రాశారంటే నయమవుతున్నట్టేనని బావ సంబరపడుతున్నాడు. నొప్పికొకటి, వాంతికొకటి, మన గులాబీ మందు. చీటీలు చదివేవాడివి, అందులో ఏం రాయలేదో నీకు తెలుస్తుంది. ఎందుకు రాయలేదో డాక్టరమ్మ నాకు చెప్పింది. బావకి నేనే చెప్తానని ఆవిణ్ణి ఆపాను గానీ, నోరు రావడం లేదు. నువ్వొచ్చి చెప్పాలిరా.

మందులు ఎవరిచేతో పంపావంటే ఊరుకోను. నువ్వే పట్టుకురా. బస్సులో టికెట్టు తీసుకో, కండక్టరు తమ్ముణ్ణని చెప్పి పరువు తియ్యకు.

స్ట్రిప్పులు ఎక్కువ తేవద్దు. ఒక్కొక్కటి చాలు.

నీ అక్క