చెంబెడు చన్నీళ్లు

అత్తా,

ఈరోజు నీ సంవత్సరీకానికి పొయ్యి ముందు కూర్చుని వడలన్నీ నేనే కాల్చాను. వేడికి తాళలేక ఒక్కసారీ వాకిట్లోకి పరుగెత్తలేదు.

ముట్లు ఆగే వయసులో నిన్ను వేధించిన సెగలే నన్నూ పట్టుకున్నాయి. చిత్తూరు డాక్టరమ్మ బీపీ చూసి, రొమ్ము స్కాన్ చేయించి, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగాకే హార్మోన్ మాత్రలు రాసింది. రెండు నెలలుగా హాయిగా ఉన్నాను.

"నాకూ ఒక మాత్రల అట్ట ఇయ్యి మే" అంది మా అక్క.

"నా ఒంటికి రాసింది నీకెట్టా సరిపోతాదక్కా? నువ్వూ వచ్చి సూపించుకో" అన్నాను.

ధనుర్మాసం చలిలో నువ్వు చెంబుతో నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకుంటుంటే, పిచ్చి పట్టిందని తోటికోడలూ నేనూ నవ్వుకున్నాం. ఈరోజు నీ ఆకు పక్కన అదే చెంబు నిండా చన్నీళ్లు పెట్టాను.