ఆరో సీసా

9 ఫిబ్రవరి 1962

మొన్న అష్టగ్రహ కూటమికి లోకం మునిగిపోతుందని ఊరంతా భజనలు చేసింది. మునగలేదు. ఈరోజు దర్శి నుంచి డాక్టరుగారు వచ్చి, మునగక్కర్లేదు, మీ నీళ్లు చాలు అన్నట్టు మాట్లాడాడు.

ఈ చుట్టుపక్కల పిల్లల పళ్లకి గార, దొడ్డికాళ్లు, పెద్దవాళ్లకి నడుము బిగిసిపోవడం, అన్నిటికీ కారణం నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ అట. ఏ బావిలో ఎంత ఉందో టెస్టు చేస్తాడట. అన్ని ఊళ్లూ తానొక్కడూ తిరగలేడు కాబట్టి ఊరికొకరు చదువుకున్నవాళ్లు ముందుకొచ్చి శాంపిల్ తీసి పంపాలన్నాడు. మహిళా మండలి ప్రెసిడెంటుని కదా, అందరూ నా వైపే చూశారు. చెయ్యెత్తాను. గర్వంగానే ఎత్తాను, అబద్ధమెందుకు.

ఊళ్లో ఆరు బావులు, ఆరు సీసాలు. తీసేవాళ్లే స్వయంగా చేదాలి. అదే నీళ్లతో సీసా మూడుసార్లు తొలవాలి. ఇంకొకరి చేత తెప్పించకూడదు. ఇదీ రూలు.

సాయంత్రం మా గొడ్లచావిడి ఊడ్చే వీరమ్మ అంతా విని, మా బాయి సంగతి గూడా తేల్చండమ్మగారూ అంది. దాని మనవరాలికి ఐదేళ్లు. కాళ్లు వంకర తిరుగుతున్నాయి. ఆసుపత్రిలో ఎవరో నీళ్లు మార్చి చూడమన్నారని, ఆ పిల్లొక్కదాని కోసం వీరమ్మ రోజూ మైలు దూరం నడిచి వాగులో చెలమ నీళ్లు తెస్తోంది. తప్పకుండా తేలుస్తాను అన్నాను.

11 ఫిబ్రవరి

నాలుగు బావులు అయ్యాయి. సాయిబుల బజార్లో జాన్‌బీ, ఏందమ్మా పంతులమ్మా, మా నీళ్లకేమన్నా జొరమొచ్చిందా నాడి చూస్తన్నావు అని ఆట పట్టించింది. బళ్లో పంతులుగారి భార్యనని అందరికీ పంతులమ్మనే. మా దొడ్లో బావి ఐదోది. అదీ అయింది.

ఇక ఊరి చివర మాదిగపల్లె బావి. అక్కడికి వెళ్తే తిరిగొచ్చి దొడ్డిదారిన లోపలికి రావాలి, తలస్నానం చెయ్యాలి, కట్టుకున్న చీర తడపాలి. అత్తయ్య మొహం చూడాలి. రేపు వెళ్తాను.

12 ఫిబ్రవరి

రేపు.

14 ఫిబ్రవరి, మధ్యాహ్నం

మామయ్యగారి తద్దినం. నిన్న దాని పనులతోనే సరిపోయింది. తెల్లవారకముందే తడిచీరతో మడి కట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. అత్తయ్యకి మోకాళ్లు వంగక కింద కూర్చోవడం కుదరదు, వంటకి నేను తప్ప మనిషి లేదు. సరిగ్గా అప్పుడే జాన్‌బీ మొగుడు బుడే సాహెబ్ మిరపకాయల బండితో దర్శి వెళ్తూ, సీసాలేయమ్మా అని వీధిలోంచి కేకేశాడు. ఇవాళ పోతే మళ్లీ ఎప్పటికో.

ఐదు సీసాలు నిండుగా ఉన్నాయి. ఆరోది ఖాళీ. లేబుల్ మాత్రం ముందే అంటించి ఉంది, హరిజనవాడ బావి అని.

మడితో పల్లెకి ఎలా వెళ్లను? మడి చెడితే తద్దినమే ఆగిపోతుంది. దొడ్లోకి వెళ్లాను. మా బావిలోనే చేదాను. రూలు ప్రకారం మూడుసార్లు తొలిచి మరీ నింపాను. నేల కింద నీళ్లకి కులమేమిటి, అక్కడైనా ఇక్కడైనా ఊట ఒకటే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ క్షణానికి ఎంత గొప్ప మాటలా తోచిందో! సీసాలన్నీ అరుగు మీద పెడితే బుడే వచ్చి తీసుకుపోయాడు.

భోక్తలు గారెలు బాగున్నాయన్నారు.

19 మార్చి

రిజల్టు వచ్చింది. డాక్టరుగారే వచ్చి చదివాడు. నాలుగు బావులు తాగడానికి పనికిరావు. రెండే మంచివి. మాదీ, పల్లెదీ. రెండింటి అంకెలూ అచ్చం ఒకటేనట. అదృష్టమంటే పల్లెవాళ్లదే అన్నాడు. మా ఊరి శాంపిల్స్ అంత శ్రద్ధగా ఇంకే ఊరూ పంపలేదని నా పేరు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను చీర కొంగు సర్దుకుంటూ నవ్వాను కూడా.

22 మార్చి

పంచాయతీ సమితి నుంచి మనిషి వచ్చి బావుల ఒరలకి రంగు వేసి పోయాడు. చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి పచ్చ.

పొద్దుటి నుంచి జనమంతా మా దొడ్లోనే. రైతుల ఆడవాళ్లు వాళ్ల చేదలు వాళ్లే తెచ్చుకుంటున్నారు. జాన్‌బీ వాళ్లకి మాత్రం అత్తయ్య తోడి పైనుంచి పోస్తోంది. ఊరికి నీళ్లు పోసే ఇల్లు అనిపించుకోవడం ఆవిడకి బాగానే ఉంది.

వీరమ్మ ఒళ్లంతా నవ్వై వచ్చింది. ఇంక వాగుకి పొయ్యే పని తప్పిందమ్మగారూ, మా బాయికి పచ్చరంగేశారు, అంతా మీ పున్నెం అని చేతులెత్తి దండం పెట్టింది. చెలమ మానేసిందట. పిల్లకి కూడా ఆ బావి నీళ్లే పోస్తోందట.

పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను.

2 ఏప్రిల్

ఇవాళ ధైర్యం చేశాను. ఎందుకైనా మంచిది, పిల్లకి ఇంకొన్నాళ్లు చెలమ నీళ్లే పట్టు అన్నాను. వీరమ్మ నవ్వింది. రంగేసి పొయ్యారు గదమ్మా, డాకటేరు కన్నా మీకెక్కువ తెలుసా ఏంది అంది. అనేసి నాలిక్కరుచుకుంది, తప్పు మాట అన్నానని.

నాకెక్కువ తెలుసే వీరమ్మా. ఆయన కన్నా నాకే ఎక్కువ తెలుసు. ఈ మాట ఈ పుస్తకానికే చెప్పాను.

3 ఏప్రిల్

ఆ పిల్ల మా దొడ్డి గుమ్మం అవతల కూర్చుంది. లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తోంది. మా అత్తయ్య లేచినట్టు.

18 ఏప్రిల్

మా ఆయనకి చెప్పేశాను. ఇప్పుడు బయటపెడితే డాక్టరు పరువేం కాను, నీ పరువేం కాను, రేపు బళ్లో నా మాట ఎవరు వింటారు అన్నారు. అయినా పల్లె బావిలో నిజంగానే మంచినీళ్లున్నాయేమో, ఎవరికి తెలుసు అన్నారు.

నిజమే. ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

రాత్రి అన్నం సయించలేదు. అత్తయ్య ఏదైనా విశేషమా అని అడిగింది. ఆవిడ ఆశ ఆవిడది.

7 మే

పోయినవారం డాక్టరుగారికి కార్డు రాశాను. ఆరో సీసా బిరడా వదులుగా ఉన్నట్టు అనుమానం, ఇంకో సీసా పంపిస్తే మళ్లీ తీస్తాను అని. ఒక అబద్ధం కడగడానికి ఇంకో అబద్ధం. పాపం, వెంటనే పంపించాడు.

ఈరోజు ఎండలో పల్లెకి వెళ్లాను. కాపురానికొచ్చి తొమ్మిదేళ్లు, అటు అడుగు పెట్టడం ఇదే మొదలు. నన్ను చూసి బావి దగ్గర ఆడవాళ్లు కడవలు ఎత్తుకుని పక్కకి తప్పుకున్నారు. వీరమ్మ పరుగున వచ్చి, మీరు చేదకూడదమ్మగారూ, నే తోడిస్తా అంది. కాదు, నేనే చేదాలి, రూలు అన్నాను. మళ్లా ఎందుకమ్మా, ఒకసారి తీసకపొయ్యారుగా అని ఒక ముసలామె అడిగింది. ఆ రోజు నేను ఎప్పుడొచ్చానో వాళ్లలో ఎవరికీ గుర్తులేదు. ఎలా గుర్తుంటుంది?

వాళ్ల తాడే పట్టుకుని చేదాను. మూడుసార్లు తొలిచాను. నింపాను. నాకేమీ కాలేదు.

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. చెయ్యకుండా ఉందామని దారంతా అనుకున్నాను. ఉండలేకపోయాను.

24 మే

ఉత్తరం వచ్చింది. ఊళ్లో అన్నిటికన్నా చెడ్డ నీళ్లు పల్లె బావివే.

చివర్లో డాక్టరుగారు, మొదటిసారి పొరపాటు మా ల్యాబొరేటరీలోనే జరిగి ఉండాలి, ఇంత శ్రమ తీసుకున్న మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి అని రాశాడు.

నన్ను క్షమించమన్నాడు. ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జవాబు రాయలేదు.

1 జూన్

పచ్చ మీద ఎరుపు వేసి పోయారు.

వీరమ్మ చావిడి ఊడ్చి, చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. రెండు నెల్లకే నీళ్లు మారిపోతయ్యా అమ్మగారూ అని అడిగింది. కోపంగా కాదు. నాకు తెలిసి ఉంటుందని అడిగింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఇద్దరమే ఉన్నాం. ఏమో వీరమ్మా, ఆ లెక్కలు డాక్టర్లకే తెలియాలి అన్నాను.

ఎండలకి వాగులో చెలమలు కూడా ఎండిపోయాయట. మరి ఏ నీళ్లు తాగాలని పల్లెవాళ్లు అడిగితే, రంగు వేసిన మనిషి, పచ్చరంగుది ఊళ్లో ఇంక పంతులుగారి బావి ఒక్కటే, అక్కడికే పోండి అని చెప్పి సైకిలెక్కాడట.

2 జూన్, పొద్దున

వీరమ్మ వచ్చింది. వెనకాల పల్లె ఆడవాళ్లంతా. కడవలు పట్టుకుని దొడ్డి గుమ్మం అవతలే నిలబడ్డారు. వాళ్లు లోపలికి రారు, చేద ముట్టరు. ఎవరో ఒకరు తోడి పొయ్యాలి.

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ వాళ్లకి తోడకుండా అత్తయ్య చేదనీ తాడునీ బావి దగ్గర్నుంచి తెచ్చి నా గదిలో పడేసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. తాడు నా కాళ్ల దగ్గరే ఉంది, ఇంకా నీళ్లు కారుతోంది.

అమ్మగారూ అని పిలుస్తున్నారు. గట్టిగా కూడా కాదు.

రాయడం ఆపితే లేవాలి. రాస్తున్నాను.