రిపేరుకు టెంకాయ

అల్లాబక్షు అన్నకు సలాం.

ఫోన్లో చెప్తే నడమధ్య తిడతావని కాయితం మీద రాస్తాండా. మంగంపేట గనికాడ కూసోని, నిమ్మళంగా చదువుకో.

మన వీధిలో బోరు వేసినట్టు రెండేండ్ల కిందటే బిల్లు తీసుకున్నారని సమాచార హక్కు కింద బయటపడె గదా. "ఆఫీసరోళ్లతో మనకెందుకు మే, గమ్మునుండు" అంటివి. నేను ఉండలేదు. ఆ బోరు యాడుండాదో కండ్లారా చూడాల, చూపీండి అని ఇంకో దరఖాస్తు పెడితి. సోమవారం చూపిస్తామని జవాబొచ్చె.

శనివారం పొద్దున్నే బోరు లారీ వచ్చి మన వీధిలో నిలబడె! ఇంజనీరు దిగి, "ఏం లేదమ్మా, పాత బోరుకు రిపేరు" అనె. లారీ మేస్త్రికి ఆ సంగతి ఎవురూ చెప్పలేదు పాపం. ఎప్పుడూ చేసేటట్టే నేలకు పసుపు కుంకుమ పెట్టి, ఊదుకడ్డీలు ముట్టించి, వీధంతా చూస్తాంటే టెంకాయ కొట్టె. మన గౌసియా వీడియో తీసె.

"రిపేరుకు టెంకాయ కొడతారా సార్?" అని ఎదురింటి కృష్ణవేణమ్మత్త అడిగినప్పుడు ఆ ఇంజనీరు మొగం నువ్వు చూడాల్సిండె అన్నా!

నీళ్లు పడినాయి. శానా తియ్యగుండాయి. చక్కెర మీద ఫాతెహా చదివించి వీధంతా పంచినాం. ఇంజనీరు కూడా నోట్లో వేసుకొని, "సంతోషమే గదమ్మా, ఇంగ ఇడిసిపెట్టు" అనె.

కొత్త దరఖాస్తు ఆయన చేతిలోనే పెడితి. అందులో ఒకటే మాట అడిగినాను: ఈ బోరు ఏ తేదీన వేసినారు?

నీ మాట ఇనని చెల్లెలు