ఆరిన పసుపు లైటు

అన్నయ్యా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడు మన చేపల బండిని తాడేపల్లిగూడెం తీసుకెళ్లాను. నువ్వు రెండుసార్లు పొగగొట్టం దగ్గరి ఆక్సిజన్ సెన్సార్ మార్పించినా, స్టీరింగు ముందు ఆరకుండా వెలిగే ఆ ఇంజను పసుపు లైటు సంగతి తేల్చాలనుకున్నాను.

"సెన్సార్ బానే ఉందండీ. పైనుంచి నీళ్లు కారి దాని ప్లగ్గు తుప్పుపట్టింది," అన్నాడు మెకానిక్.

పైన చూస్తే నువ్వు పెట్టిన కన్నం. కొల్లేరు చేపల పెట్టెల్లో కరిగిన ఐసునీళ్లు పోవడానికని అడుగురేకుకి నువ్వే కొట్టావు. సెన్సార్ అమ్మినవాణ్ణి ఎంత తిట్టావో! ఈ మాట నీకు చెప్పి నవ్వాలనిపించింది.

కన్నం పూడ్చనివ్వలేదు. నీళ్లు ప్లగ్గు మీద పడకుండా పక్కకి పోయేలా దానికో గొట్టం పెట్టించాను. ప్లగ్గు మార్చాక లైటు ఆరిపోయింది.

ఇంటికొచ్చి, లైటు ఆరిందని వదినకి చూపించాను. ఆవిడ బండెక్కి, ఎప్పుడూ కూర్చునే పక్క సీట్లోనే కూర్చుని, ఆ లైటు వెలిగే చోటుకేసి చాలాసేపు చూసింది.

"మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ వెలుగుతూనే ఉండేది కదా," అంది.