నాలుగు శనివారాల అంతరిక్షం

సోమవారం

ప్రియమైన చిన్నీకి,

మీ ఆయన పిచ్చుకను మా ఇంట్లో దింపి వెళ్ళి నేటికి వారం. నీ కూతురు బాగానే తింటోంది, బాగానే నిద్రపోతోంది, నా చీరల బీరువాలో కాపురం పెట్టింది. నీ ట్రైనింగ్ ఎలా ఉంది? మందుల ఫ్యాక్టరీ కాబట్టి ఫోన్లు లోపలికి రానివ్వరంటే ఒప్పుకుంటాను గానీ, ఆరు నెలలపాటు అక్కతో మాట్లాడనివ్వకపోవడం ఏం పద్ధతో నాకు అర్థం కాలేదు. సరే, మీ ఇంటికి రాస్తే మీ ఆయన తెచ్చిస్తాడన్నావు కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

ఇక నా గోల విను. మా పెద్ద లైబ్రేరియన్ గారు మొన్న పిలిచి, వచ్చే నాలుగు శనివారాలు పిల్లల గదిలో అంతరిక్షం కథలు చెప్పమన్నారు. కథ అయ్యాక వాళ్ళ చేత ఏదో ఒక బొమ్మ కూడా చేయించాలట. అందరూ నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా ఉన్నవాళ్ళే. సరేనండీ అని తలూపి బయటికొచ్చాక గుర్తొచ్చింది, నాకు అంతరిక్షం గురించి తెలిసింది సున్నా అని. గ్రహాలు తొమ్మిదని నేను, ఎనిమిదని పుస్తకం. ఆ తొమ్మిదోది ఎప్పుడు పోయిందో, ఎవరు తీసేశారో నాకెవరూ చెప్పలేదు.

మొదటి వారం పిల్లలకు కాగితంతో వ్యోమగామి బట్టలు చేయిద్దామని ఉంది. మీ ఫ్యాక్టరీలో ఒళ్ళంతా కప్పే తెల్ల సూట్లు వేసుకుంటారన్నావుగా. అవి ఎలా ఉంటాయో వివరంగా రాయి. ఏది ముందు తొడుక్కోవాలో కూడా రాయి, లేకపోతే ముప్పైమంది పిల్లల ముందు నా పరువు పోతుంది.

నీ మీద బెంగతో,
అక్క

శుక్రవారం

అక్కా,

ముందు చేతులు మోచేతుల దాకా కడగాలి. తర్వాత తలకు టోపీ, మూతికి మాస్కు, ఆ తర్వాత మెడ నుంచి మడమల దాకా గౌను, అన్నిటికంటే చివర గ్లౌజులు. నీ పిల్లలకైతే పెద్ద కాగితపు సంచి అడుగున తలకు, పక్కల చేతులకు కన్నాలు కోస్తే చాలు. జిగురు నీళ్ళగా ఉంటే సంచి నానిపోతుంది, పిండి ఉడికించి చిక్కగా చెయ్యి.

ఇంకో మాట. అన్నీ తొడుక్కున్నాక ఒక్క కళ్ళే కనిపిస్తాయి, ఎవరు ఎవరో తెలీదు. మా దగ్గర ఒకామె గుండెల మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ అంటించుకుంటుంది. దాన్ని చూసి ఆమెను గుర్తుపడతాను. నీ పిల్లలకు కూడా తలా ఒక బొమ్మ అంటించు. లేకపోతే ఎవరి తల్లి ఎవరి పిల్లను తీసుకెళ్తుందో చెప్పలేం.

పిచ్చుక ఏమడిగినా విసుక్కోకు. దానికి ఊహలు ఎక్కువ.

నీ చిన్ని

ఆదివారం

ప్రియమైన చిన్నీకి,

నిన్న మన సూట్లు అదిరిపోయాయి. బొమ్మలు అంటించమన్నది మాత్రం నువ్వు చెప్పినవాటన్నిటిలోకీ గొప్ప సలహా. ఒక తల్లి అరటిపండు బొమ్మ చూసుకుని మరీ కొడుకుని వెతుక్కుంది.

కానీ నీ కూతురు నా తల తినేసింది. రాకెట్ ఎక్కిన వాళ్ళు ఏం చేస్తారో నేను చెబుతుంటే లేచి నిలబడి, "పెద్దమ్మా, నీకు తెలీదు" అంది. లోపలికి వెళ్ళిన వాళ్ళను ఎవరూ ముట్టుకోకూడదట, అద్దంలోంచే చూడాలట. పచ్చి పండు ఇవ్వకూడదట, అన్నీ ఉడకబెట్టే పెట్టాలట. అన్నిటికీ మించి, వాళ్ళకు జుట్టు ఊడిపోతుందట. "ఊడదు తల్లీ, గాల్లో తేలుతుంది" అన్నాను. "తేలదు, దిండు మీద పడుతుంది" అంది. అంత నమ్మకంగా చెప్పేసరికి ముప్పైమందీ దాని పక్షానికి వెళ్ళిపోయారు. గోడ నిండా బోడిగుండు వ్యోమగాములే ఇప్పుడు. ఒక తండ్రి వచ్చి ఇదేం కథండీ అని అడిగాడు.

ఇంటికొచ్చి ఐదు పుస్తకాలు తిరగేశాను. జుట్టు ఊడుతుందని ఒక్కదాంట్లోనూ లేదు. దీనికి ఈ సంగతులన్నీ ఎవరు చెప్పారు? మీ ఇంట్లో టీవీ ఎక్కువ చూస్తోందా? వచ్చే వారం బ్రష్షుతో నల్ల అట్ట మీద తెల్ల రంగు చిమ్మించి చుక్కలు చేయిస్తాను. చుక్కలకు జుట్టు ఉండదు కాబట్టి గొడవ లేదు.

అయోమయంలో ఉన్న
నీ అక్క

బుధవారం

అక్కా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. చేతికి చిన్న దెబ్బ తగిలింది, అందుకే రాత వంకరగా ఉంది. పని ఎక్కువ.

జుట్టు సంగతి వదిలెయ్యి. పిల్లలకు ఏదో తోస్తుంది. దాన్ని తప్పని మాత్రం అనకు, నా మాట విని ఊరుకో. పడుకునేటప్పుడు పక్కన ఉంటున్నావా?

చిన్ని

ఆదివారం

చిన్నీ,

ఈసారి కుశలప్రశ్నలు లేవు. నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

నిన్న మూడో శనివారం. మనుషులు లేకుండా ఒంటరిగా అంతరిక్షంలోకి పోయిన నౌకల కథ చెప్పాను. గ్రహాలన్నిటినీ దాటి, ఇంకా పోతూనే ఉన్నాయని పుస్తకంలో చదివితే నాకే ఒళ్ళు పులకరించింది. డబ్బాకు వెండి కాగితం చుట్టి నౌక చేశాం. దాంతో పంపడానికి తలా ఒక కార్డు రాశారు, రాయడం రానివాళ్ళు అరచెయ్యి అచ్చు వేశారు. అప్పుడు పిచ్చుక అడిగింది, ఇది మళ్ళీ ఎప్పుడొస్తుందని. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "రాదమ్మా. అలా పోతూనే ఉంటుంది. అదే దాని గొప్ప."

డబ్బా లాక్కుని బల్ల కిందికి దూరింది. కార్డులన్నీ బయటికి పీకి, "రానిదాంట్లో ఏమీ పెట్టొద్దు" అని ఒకటే మాట. అరగంట బతిమాలినా రాలేదు. మిగతా పిల్లలు బిక్కచచ్చిపోయారు. నిన్నటి నుంచి పాలు తప్ప ఏమీ ముట్టలేదు. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది.

ఆరేళ్ళ పిల్లకు ఒక డబ్బా మీద ఇంత ఏడుపు ఎందుకు? నేనేం తప్పు చేశానో చెప్పు. మీ ఆయనకు పదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తడు. ఆ ఫ్యాక్టరీ పేరైనా చెప్పు, నేనే గేటు దగ్గరికి వస్తాను. మీరందరూ కలిసి నా చెవిలో పువ్వులు పెడుతున్నారని నాకు అనుమానంగా ఉంది.

అక్క

మంగళవారం

అక్కా,

నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను.

ఫ్యాక్టరీ లేదు, ట్రైనింగ్ లేదు. ఆస్పత్రిలో ఉన్నాను. రక్తంలో క్యాన్సర్. రెండు నెలలైంది తెలిసి. మందులకు ఒంట్లో రోగాలను తట్టుకునే బలం అంతా పోతుంది కాబట్టి ఎవరినీ దగ్గరికి రానివ్వరు. అద్దం ఉన్న గది. నేను రాసిన సూటు నర్సులది. పొద్దుతిరుగుడు పువ్వు కూడా నర్సుదే. ఈ కాగితం కూడా ఆమే బయటికి తీసుకెళ్తుంది.

నీ దగ్గరికి పంపే ముందు పిచ్చుక రెండుసార్లు అద్దం అవతల నిలబడి నన్ను చూసింది. ఇదేం గదమ్మా అని అడిగితే అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళ గది అన్నాను. అక్కడ ఇలాంటి బట్టలే వేసుకుంటారనీ, జుట్టు ఊడిపోతుందనీ, పని కాగానే తిరిగొచ్చేస్తాననీ చెప్పాను. పెద్దమ్మకు చెప్పకు, ఇది మనిద్దరి రహస్యం అని ఒట్టు వేయించుకున్నాను. నీకేమో ఇంకో కథ చెప్పాను. నువ్వు పనిచేసే చోట అంతరిక్షం కథలే పెడతారని నాకేం తెలుసు.

ఇరవై ఏళ్ళ తర్వాత నీకు నచ్చిన పని దొరికింది. నేను చెబితే ఆ పూటే వదిలేసి వచ్చేస్తావు. అమ్మ పోయినప్పుడు కాలేజీ వదిలేసినట్టే. అది మళ్ళీ చూడలేననుకున్నాను. పిచ్చుకకు ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు. తిరిగొస్తానన్న మాట నిజమో కాదో నాకే తెలీదు. భయంగా ఉంది అక్కా.

చిన్ని

గురువారం

ప్రియమైన చిన్నీకి,

ఈ ఉత్తరం నర్సమ్మ కవరులో పెట్టి, తుడిచి మరీ నీకు ఇస్తుంది. నేను నీ గదికి రెండు గోడల ఇవతల, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం అందగానే మీ ఇంటికెళ్ళి మీ ఆయన చేత ఆస్పత్రి పేరు చెప్పించుకున్నాను, వచ్చి వారమైంది. నీ జ్వరం తగ్గేదాకా నేను వచ్చినట్టు చెప్పొద్దని డాక్టరమ్మ అంది కాబట్టి ఊరుకున్నాను. ఉద్యోగం వదల్లేదు, సెలవు పెట్టాను. నాలుగో శనివారం మా పెద్ద లైబ్రేరియన్ గారే కథ చెప్పారట. పిల్లలు ఆయన్ను జుట్టు సంగతి అడిగి నీళ్ళు నమిలించారని కబురొచ్చింది.

వచ్చిన రోజే పిచ్చుకను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పేశాను. అమ్మ అంతరిక్షంలోకి వెళ్ళలేదు, జబ్బు చేసింది, పెద్ద జబ్బు, నయం చెయ్యడానికి చూస్తున్నారు అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు నా గాజులు లెక్కపెట్టి, "అయితే ఈ ఊళ్ళోనే ఉందా" అంది. ఉందన్నాను. అన్నం పెట్టమంది.

ఇప్పుడు నీ సంగతి. నా ఎముకల్లోని మూలుగ నీకు ఎక్కించే వీలుందేమో చూడమని ఆ రోజే డాక్టరమ్మను అడిగాను. ఆమె నీ ఫైలు తీసి, అయోమయంగా నా మొహంలోకి చూసింది. తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా అన్నచోట నువ్వు "లేరు" అని రాశావు. నీ చేత్తో. మీ ఆయన్ను నిలదీస్తే తల దించుకుని చెప్పాడు. చదువు తీసుకున్నాను, వయసు తీసుకున్నాను, ఇంక అక్క ఎముకల్లోంచి కూడా తీసుకోనా అన్నావట.

చిన్నీ, నువ్వు చెప్పిన అబద్ధాలన్నీ క్షమిస్తాను. అంతరిక్షం క్షమిస్తాను, ఫ్యాక్టరీ క్షమిస్తాను. ఆ ఒక్క మాట చూసి మాత్రం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేను లేనని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నువ్వు నా దగ్గర ఏమీ తీసుకోలేదే. నేనే ఇచ్చాను. ఇవ్వాలో వద్దో చెప్పాల్సింది నేను, నువ్వు కాదు.

నాది నీకు కలుస్తుందో లేదో చూడటానికి రక్తం ఇచ్చాను. పొద్దున ఫలితం వచ్చింది. పూర్తిగా కలిసింది. ఇదొక్కటే సరిపోదట, ఇంకా చాలా ఉందట, మాటివ్వలేమని డాక్టరమ్మ సూటిగానే చెప్పింది. నేనూ నీకు మాటివ్వను. కానీ ఆ ఫారం తీయించి, నువ్వు రాసింది కొట్టేయించి, కింద సంతకం పెట్టి వచ్చాను.

ఇక నుంచి ఫారంలో కూడా
నీ అక్క